సన్న కారు, దొడ్డ కారు

ప్రమాదం కేసు వచ్చిందని బయట అరుపులు వినిపిస్తే చాలు, స్ట్రెచర్ గుమ్మం దాటకముందే నా చూపు దాని కింది కొసకు పోయేది. ముందు కాళ్ళు చూసేదాన్ని. మా ఆయన టైరు అడుగున్న చెప్పులు వేసుకునేవాడు. ఎడమ చెప్పు వారు తెగితే రాగి తీగతో తనే కుట్టుకున్నాడు. ఆ తీగ కనిపించకపోతే నాకు ఊపిరి ఆడేది. అప్పుడు తల వైపుకు వెళ్ళి, నాడి పట్టుకుని, చేయాల్సిన పని చేసేదాన్ని. తప్పని తెలుసు. ఆ పడుకున్నవాడు కూడా ఎవరో ఒకామె మొగుడే. అయినా ఆ రెండు క్షణాలు నా వశంలో ఉండేవి కావు.

డెబ్బైల చివర్లో నేను ఆదోనిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరాను. మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. పెళ్ళి ఆదోని మనిషితో అయింది. ఆయన ఒక పత్తి వ్యాపారి దగ్గర కారు డ్రైవరు. వ్యాపారికి పని లేని రోజుల్లో ఆ కారు స్టాండుకు వచ్చి అద్దెకు తిరిగేది. గురువారాలు మంత్రాలయానికి, పెళ్ళిళ్ళ కాలంలో ఎమ్మిగనూరుకు, ఆస్పరికి, హొళగుందకు. పెళ్ళయిన కొత్తలో కారు నడిపే మనిషి నా భర్త అని చెప్పుకోవడం గొప్పగా ఉండేది. క్యాజువాల్టీలో డ్యూటీ వేశాక ఆ గొప్ప పోయింది.

అప్పట్లో మా వైపు అద్దెకు తిరిగేవి రెండే రకాల కార్లు. కంపెనీల పేర్లు రాయను. జనం కూడా ఆ పేర్లు వాడేవాళ్ళు కాదు. చిన్నదాన్ని సన్న కారు అనేవాళ్ళు, పెద్దదాన్ని దొడ్డ కారు అనేవాళ్ళు. మా ఆయనది సన్న కారు.

ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు ఒక డ్రైవరును తెచ్చారు. ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. ఎమ్మిగనూరు దారిలో, కాలువ వంతెన దిగే చోట, పత్తి బేళ్ళ లారీని వెనక నుంచి గుద్దాడు. స్టీరింగు రొమ్ముకు తగిలింది. చొక్కా కత్తిరించి తీస్తుంటే రొమ్ము మీద గుండ్రంగా, గాజు ముద్ర వేసినట్టు నీలం చార కనిపించింది.

"ఏ కారప్పా?" అని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"సన్న కారు, సిస్టరమ్మా," అన్నాడు. మాట కన్నా గాలే ఎక్కువ వచ్చింది.

అతన్ని కర్నూలుకు పంపించారు. బతికాడని తర్వాత తెలిసింది. కానీ ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన చొక్కా విప్పి వీపు తోముకుంటుంటే ఆయన రొమ్ము మీద నాకు ఆ చార కనిపించింది. లేనిది కనిపించింది. మరుసటి రోజు నా డ్యూటీ నోటుబుక్కు చివరి పేజీలో నిలువుగా ఒక గీత గీసి, రెండు భాగాలు చేశాను. ఒక వైపు "స", ఒక వైపు "దొ" అని రాశాను. సన్న వైపు మొదటి గీత పెట్టాను.

ఆ తర్వాత దెబ్బలతో వచ్చిన ప్రతి కారు డ్రైవరునూ అడిగేదాన్ని. మాట్లాడలేని స్థితిలో ఉంటే తెచ్చినవాళ్ళను అడిగేదాన్ని. చేయి విరిగినా గీతే, తల పగిలినా గీతే. రెండేళ్ళు అలా గీశాను. సన్న వైపు గీతలు పేజీ దాటి రెండో పేజీకి పోయాయి. దొడ్డ వైపు సగం పేజీ కూడా నిండలేదు.

ఒకసారి డ్యూటీ డాక్టరు ఆ పేజీ చూశాడు. ఇదేమిటని అడిగితే భయపడుతూ చెప్పాను. ఆయన కోప్పడలేదు. "బయటి దేశాల్లో ఇట్లనే లెక్క తీస్తారంట. ఏ కంపెనీ కారులో డ్రైవర్లు ఎక్కువ పోతాండారో చెప్తారంట. నువ్వు ఈడ కూర్చొని అదే చేస్తాండావు," అన్నాడు. ఆయన నవ్వులాటకు అన్నాడేమో. నాకు మాత్రం నా భయానికి ఎవరో సంతకం పెట్టి, సీలు వేసి ఇచ్చినట్టయింది.

అప్పటిదాకా నాది ఆడమనిషి బెంగ. ఇప్పుడది లెక్క. ఆ రోజు నుంచి మా ఆయన కారు తాళాలు తీసుకునే చప్పుడుకే చేతిలో పని వదిలి గుమ్మంలోకి వచ్చేదాన్ని. మంత్రాలయం కిరాయి ఉన్న గురువారాల్లో నాకు అన్నం దిగేది కాదు. దూరంగా హారను వినిపిస్తే చేతిలో సిరంజి వణికేది. ఒకసారి ఒక ముసలామె నా చేయి పట్టుకుని, "యాల తల్లీ అట్ల వణుకుతాండావు? సూది నాకు గదా పొడిసేది," అంది.

చివరికి నోటుబుక్కు ఇంటికి తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు.

"ఇవన్నీ మనుషులేనా?" అన్నాడు, గీతల మీద చూపు ఆనించి.

"అందరూ డ్రైవర్లే. ఈ వైపుండేటివన్నీ నీ మాదిరి బండ్లే."

"నీ గీతలు సూసి నేను బండి నడపల్లా ఏమ్మే?"

"బండి మానుకోమంటలే. ఆ బండి మానుకో అంటాండా. మా ఎమ్మిగనూరు బట్టల సావుకారు దొడ్డ కారు కొన్నాడు. డ్రైవరు కావాలంటాండాడు. మా నాయనతో చెప్పిస్తా."

ఆయన ముద్ద కలుపుతూ కూర్చున్నాడు. పత్తి వ్యాపారి దగ్గర ఆయన పదేళ్ళుగా ఉన్నాడు. ఆ కారు ఇంజను ఏ ఎత్తు దగ్గర ఎలా మూలుగుతుందో ఆయనకు తెలుసు. అవన్నీ చెప్పాడు. నేను ఏడ్చాను. రోజూ ఏడ్చాను. నెల తిరిగేలోపు ఆయన ఆ తాళాలు వ్యాపారి చేతిలో పెట్టి, ఎమ్మిగనూరులో దొడ్డ కారుకు చేరాడు. వారానికి రెండుసార్లు ఆదోనికి వచ్చేవాడు. ఇల్లు బోసిపోయింది. అయినా నాకు ముద్ద దిగడం మొదలైంది.

ఈలోగా వార్డులో ఊడ్చే ఆయమ్మ నా నోటుబుక్కు సంగతి బయట చెప్పింది. ఆమె తమ్ముడికి స్టాండు పక్కనే టీ బంకు. కొన్నాళ్ళకే స్టాండులో అది "నర్సమ్మ లెక్క" అయింది. పిల్లాపాపలతో మంత్రాలయం పోయేవాళ్ళు దొడ్డ కారు ఖాళీ అయ్యేదాకా కాచుకుని కూర్చుంటున్నారని, సన్న కార్లను ఎవరూ పిలవడం లేదని విన్నాను. నిజం చెప్పాలంటే, మొదట వినగానే నాకు సంతోషం వేసింది. కొంతమందిని కాపాడాననుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన క్యాజువాల్టీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఖాకీ చొక్కా, నెరిసిన మీసం. దెబ్బలేమీ లేవు.

"గీతలు గీసే నర్సమ్మ నువ్వేనా తల్లీ?"

"నేనే. ఏం కావాలప్పా?"

"స్టాండులో సన్న బండి నాది. నాదంటే సావుకారిది, నడిపేది నేను. మూడు దినాలాయ, ఒక్కడూ ఎక్కలే. నర్సమ్మ బుక్కులో రాసుండాదంట. ఏం రాసినావో సూసిపోదామని వచ్చినా."

బుక్కు తీసి చూపించాను. ఇవి సన్న కార్లలో దెబ్బలు తగిలినవాళ్ళు, ఇవి దొడ్డ కార్లలో అని చెప్పాను. ఆయన వేలితో గీతలను మెల్లగా తడిమాడు. స్టీరింగు పట్టి పట్టి ఆ వేళ్ళు కొంచెం వంగిపోయి ఉన్నాయి.

"మన స్టాండులో సన్న బండ్లు ఎన్నుండాయో సూసినావా ఎప్పుడన్నా?"

"లేదు."

"బారుగా నిలబడి ఉంటాయి. దొడ్డవి యాడో ఒకటీ రెండు. ఎక్కువ తిరిగేటివే ఎక్కువ పడతాయి గదా. దొడ్డ బండి తాళాలు సావుకార్లు ఎవురికిస్తారు? తల నెరిసినోనికి. సన్న బండి నిన్న లైసెన్సు వచ్చినోనికి ఇస్తారు. వాడు గాల్లో పోతాడు. కాలువ మోరీ కాడ పడితే తప్పు బండిదా, వానిదా? నీ గీత ఆ మాట చెప్తాదా?"

ఆయన గుమ్మం దాకా పోయి, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ మళ్ళీ అడిగాడు.

"పడినోళ్ళంతా నీ కాడికే వస్తారా తల్లీ?"

"ఈడికి గాక ఇంక యాడికి పోతారు?"

"ఆడనే పోయినోళ్ళు?"

ఆయన వెళ్ళిపోయాడు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. మా వార్డుకు వచ్చేది ప్రాణం ఉన్నవాళ్ళే. దారిలోనే పోయినవాళ్ళను పోలీసులు నేరుగా ఆసుపత్రి వెనకనున్న శవాల గదికి తీసుకుపోతారు. అన్నేళ్ళ డ్యూటీలో నేను ఆ గది వైపు ఎప్పుడూ పోలేదు. పోవాల్సిన పని పడలేదు, పోవాలంటే భయం కూడా. రెండేళ్ళు గీసిన గీతల్లో చచ్చిపోయిన డ్రైవరు ఒక్కడు కూడా లేడు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

డ్యూటీ ఇంకొకామెకు అప్పగించి వెనకవైపుకు నడిచాను. ఎండ బాగా ఉంది. కాపలా ముసలాయన నీడలో కూర్చుని బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"తాతా, కార్లు నడిపేటోళ్ళు వస్తారా ఈడికి?"

"యాల రారు తల్లీ?"

"ఏ కార్లలో పడినోళ్ళు?"

"అది నాకెట్ల తెల్సు? పోలీసోళ్ళు గుడ్డ కప్పి తెస్తారు, సంతకం పెట్టించుకొని పోతారు." బీడీ నేలకు రుద్ది ఆర్పాడు. "ఒగటి రెండు తూర్లు మాత్రం సూసినా. హొళగుంద దోవలో దొడ్డ కారు సెట్టుకు కొట్టుకున్నాది. ఆ బండిని ఈడిదాకా ఈడ్సుకొచ్చినారు. డ్రైవరు, పక్కనోడు, ఇద్దరూ పోయినారు. పోయిన వానల్లో ఇంగొకటి. అదీ పెద్ద బండే. కిటికీలకు పరదాలుండె."

దొడ్డ కార్ల వాళ్ళు నా దగ్గరికి తక్కువగా వచ్చింది దెబ్బలు తక్కువ తగిలినందుకా, లేక నేరుగా ఇక్కడికి వచ్చినందుకా? ముసలాయనకు తెలియదు. నాకూ తెలియదు. తెలియదు అన్న మాట అప్పుడు నన్ను పట్టి ఊపేసింది. ఏది మంచి కారో తెలుసని ధైర్యంగా ఏడ్చి, గోల చేసి, నా మొగుణ్ణి అలవాటైన బండి లోంచి దింపి అలవాటు లేని బండి ఎక్కించింది నేనే.

అక్కడి నుంచి నేరుగా బస్టాండుకు పోయాను. యూనిఫారం కూడా మార్చుకోలేదు. ఎమ్మిగనూరు బస్సు ఎక్కాక మబ్బు పట్టి వాన మొదలైంది. కిటికీకి మూసే రేకు లేదు. కాలువ వంతెన దగ్గర బస్సు ఒక పక్కకు వాలితే ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాను. దిగేదాకా వదల్లేదు.

బట్టల సావుకారు ఇంట్లో కోడలు తలుపు తీసింది. మా ఆయన ఉన్నాడా అని అడిగాను.

"హొళగుందకు పోయినాడక్కా. మా మామ, చిన్నాయన ఇద్దరూ పెండ్లికి పిల్లను సూడనీకి పోయినారు. మధ్యాన్నానికి వస్తామనిరి. వానకు నిలబడినారేమో."

హొళగుంద. ఆమె ఇంకేదో అంది, నాకు వినిపించలేదు. లోపలికి రమ్మన్నా పోకుండా అరుగు మీదే కూర్చున్నాను. వాన తగ్గింది, మళ్ళీ పట్టుకుంది. వీధిలో మగ్గాల చప్పుడు వస్తోంది. పుట్టిన దగ్గర నుంచి విన్న చప్పుడే, ఆ రోజు ఒక్కో దెబ్బా ఎవరో తలుపు కొట్టినట్టు వినిపించింది. నల్లరేగడి తడిస్తే దారి అంచు సబ్బులా జారుతుంది. దొడ్డ కారు బరువు ఎక్కువ. జారితే ఆగుతుందా? బరువు కాబట్టే నిలుస్తుందా? ఎటు ఆలోచించినా చివర ఆ గుడ్డ కప్పిన మనిషే కనిపించాడు. కోడలు తెచ్చిన కాఫీ గ్లాసులోనే చల్లారిపోయింది.

దీపాలు పెట్టే వేళకు వేరుశనగ మూటల లారీ ఒకటి వీధి చివర ఆగింది. సావుకారు, ఆయన తమ్ముడు దిగారు. నేను లేచాను. వాళ్ళ వెనక ఎవరూ దిగలేదు. అప్పుడు డ్రైవరు పక్క తలుపు తెరుచుకుని మా ఆయన దిగాడు, ఎడమ చేతిని తువ్వాలుతో మెడకు కట్టుకుని. ముఖమంతా బురద.

"ఏమ్మే, నువ్వీడ ఏం చేస్తాండావు?" అన్నాడు.

ఆయన భుజం మీద వేళ్ళు పెట్టి చూశాను. మెడ కింది ఎముక విరిగింది. ఎదురుగా ఎద్దులబండి వస్తే ఆయన అంచుకు తిప్పాడట. అంచు జారింది. కారు గుంతలోకి ఒరిగి తుమ్మచెట్టును తగిలింది. వెనక కూర్చున్నవాళ్ళకు ఏమీ కాలేదు. ఈయన వైపు తలుపు తెరుచుకుని ఈయన బయటపడ్డాడు.

"దొడ్డ బండి కాబట్టి బతికినాడమ్మా. అదే సన్న బండైతే నుజ్జునుజ్జయ్యేది," అన్నాడు సావుకారు.

లారీ డ్రైవరు పక్కనే నిలబడి బీడీ ముట్టిస్తున్నాడు. "బరువు బండి కాబట్టే జారె సామీ. సన్న బండైతే ఆ అంచున నిలబడిపోయేది. నేను ఎన్ని సూడలేదు!" అన్నాడు.

ఇద్దరూ చూసినవాళ్ళలాగే చెప్పారు. ఇద్దరికీ అనుమానం లేదు. రెండేళ్ళు నేను కూడా అలాగే మాట్లాడాను.

మా నాయన ఇంటికి తీసుకుపోయి, భుజాలు వెనక్కి లాగి కట్టు కట్టాను. కడుతూ ఏడుపు ఆపుకోలేకపోయాను. "ఇంక ఏ బండీ వద్దు," అన్నాను.

"నాకు ఇంకేం పని వచ్చు?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అన్నాడు. నేను కట్టు చివర ముడి వేశాను.

ఆదోనికి తిరిగి వచ్చాక స్టాండుకు వెళ్ళి, డ్రైవర్ల ముందు నిలబడి నా లెక్క తప్పని చెప్పాను. బతికినవాళ్ళనే లెక్కపెట్టానని, ఏ రకం బండ్లు ఎన్ని తిరుగుతున్నాయో చూడలేదని, ఎవరు నడిపారో అడగలేదని చెప్పాను. ఇద్దరు ముగ్గురు విన్నారు. టీ బంకు దగ్గర ఎవరో, "సన్న బండ్లోళ్ళు బెదిరించినారేమో పాపం," అన్నారు. ముందు మాట నా ప్రమేయం లేకుండానే ఊరంతా తిరిగింది. ఈ మాట మాత్రం స్టాండు దాటలేదు.

ఆ పెద్దాయన అక్కడ కనిపించలేదు. కిరాయిలు లేవని ఆయన సావుకారు బండి వెనక్కి తీసుకున్నాడట. ఆస్పరిలో కూతురింట్లో ఉన్నాడని తెలిసి, ఒక ఆదివారం వెతుక్కుంటూ పోయాను. గోడకు ఆనుకుని వేరుశనగకాయలు ఒలుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. తప్పు జరిగిపోయిందని చెప్పాను. చేయి ఆపకుండా విన్నాడు.

"నా కండ్లు గూడా మందగించినాయిలే తల్లీ. ఇయాల కాకుంటే రేపు మానాల్సిందే," అన్నాడు. నిజమే చెప్పాడో, నన్ను ఊరడించడానికి అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. గింజ ఒకటి నోట్లో వేసుకుని, "నీ మొగుడు నడిపే బండి ఎక్కినావా ఎప్పుడన్నా?" అని అడిగాడు.

ఎక్కలేదు. పెళ్ళయి అన్నేళ్ళయినా ఒక్కసారి కూడా ఎక్కలేదు. కారు సావుకారిది, నాకు డ్యూటీలు. ఎవరి బండిలోనో నేనెందుకు కూర్చుంటాను?

ఎముక అతికాక పత్తి వ్యాపారి మా ఆయన్ను మళ్ళీ పిలిచాడు, ఆ పాత సన్న కారుకే. వద్దని ఈసారి నేను అనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఒక గురువారం మంత్రాలయం నుంచి ఎవరినో తీసుకురావాలంటే, పోయేటప్పుడు కారు ఖాళీగా ఉందంటే, వ్యాపారి అనుమతి అడిగి ముందు సీట్లో కూర్చున్నాను.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. తర్వాత ఎదురుగా లారీ వచ్చింది. మా ఆయన దూరం నుంచే వేగం తగ్గించి, అంచుకు దిగకుండా ఒరుసుకున్నట్టు పక్కకు జరిగి నిలబెట్టాడు. లారీ గాలికి కారు ఊగింది. మోరీ దగ్గర గొర్రెలు. మలుపులో సైకిలు మీద ఇద్దరు. రోడ్డు మీద ఆరబోసిన జొన్నలు, ఒక వైపు చక్రాలు జారే చోటు. ఆయన ఒక్కొక్కటీ చూస్తున్నాడు, పెదవులు కదిలించకుండా, ఒక చేయి హారను మీద పెట్టి. ఇవన్నీ రోజూ ఆయనకు ఎదురవుతున్నాయని నాకు తెలియనే తెలియదు. సగం దారిలో కడుపులో తిప్పి, ఆపమన్నాను. దిగి కంకరరాళ్ళ మీద కూర్చుని కక్కుకున్నాను. ఆయన సీసాలో నీళ్ళు తెచ్చి నా తల పట్టుకున్నాడు.

"ఎనక్కి పోదామా?" అన్నాడు.

"వద్దు. పోనీ," అన్నాను.

మళ్ళీ ఎక్కి కూర్చున్నాను. మంత్రాలయం దాకా నా ఎడమచేయి తలుపు పిడినే పట్టుకుని ఉంది. ఎనభైలంతా ఆయన ఆ బండే నడిపాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం ఆ కారు మంచిదైనందుకో, ఆయన చెయ్యి మంచిదైనందుకో, ఆ రోజుల్లో ఆ దారిన రావాల్సిన లారీ రానందుకో చెప్పమంటే నేను చెప్పలేను.